అరవై చుట్ల తరుగు

ఆ రోజు పొద్దున గోపాలకృష్ణయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ప్రభుదాసు మేష్టారిని పిలిపించి, కాఫీ ఇచ్చి, మిల్లులో కొత్తగా బిగించిన కరెంటు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్క కట్టించుకోవడం. ఆ లెక్క వడ్రంగికి చెబితే దానికి సరిపడా చెక్క పుల్లీ చేస్తాడు. పుల్లీకి బెల్టు తగిలిస్తే కాయ కొట్టే మర తిరుగుతుంది. భోజనాల వేళకు ముందే అయిపోవలసిన పని.

నరసరావుపేటలో గోపాలకృష్ణయ్యది వేరుశనక్కాయ మిల్లు. చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ రైతులు కాయ తెచ్చి ఆయనకు అమ్ముతారు. మర ఆ కాయ పగలగొట్టి పప్పునీ పొట్టునీ వేరు చేస్తుంది. మర మరీ వేగంగా తిరిగితే పప్పు బద్దలవుతుంది, మరీ నెమ్మదిగా తిరిగితే కాయ పగలకుండా కిందికి జారిపోతుంది. అందుకని వేగం సంగతి ముందే తేల్చుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ మరను ఒక ఆయిలింజను దగ్గుతూ, మూలుగుతూ తిప్పింది. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు కరెంటు తీగ మిల్లు గుమ్మందాకా వచ్చింది. రావడమే తడవుగా గోపాలకృష్ణయ్య మోటారు కొన్నాడు, ఇంజనును గురజాల వాళ్ళకు అమ్మేశాడు. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

పైగా కాయ పీకే రోజులు వచ్చేశాయి. మొదటి బళ్ళు ఏ మిల్లు ముందు ఆగితే ఆ ఏడంతా బళ్ళు అక్కడే ఆగుతాయన్నది ఆ ప్రాంతంలో రైతుల అలవాటు. సత్తెనపల్లి రోడ్డులో పుల్లారావు మిల్లు అప్పటికే గేట్లు బార్లా తెరుచుకుని కూర్చుంది. ఈ ఏడు ఆ మొదటి బళ్ళు తప్పిపోతే మోటారుకు రోజూ బొట్టు పెట్టుకుని చూసుకోవడం తప్ప గోపాలకృష్ణయ్యకు మరో పని ఉండదు.

బొట్టు అంటే గుర్తొచ్చింది. మోటారు ఒంటి మీద వేగం చెక్కిన ఇత్తడి రేకు ఒకటి ఉండనే ఉంది. కానీ దసరానాడు ఆయుధపూజలో ఆయన భార్య వీరరాఘవమ్మ, మోటారుకు ముఖం ఎటు ఉందో తెలియక, మెరుస్తున్నది ఆ రేకొక్కటే కనక దానికే దిట్టంగా గంధం పట్టించి కుంకుమ అద్దింది. అది ఆరి గచ్చులా గట్టిపడింది. పూజ చేసిన గంధాన్ని గోకడం అరిష్టమని ఆవిడ అడ్డం పడింది. అందుకే మేష్టారి అవసరం వచ్చింది.

ప్రభుదాసు హైస్కూల్లో సైన్సు చెబుతాడు. బాగున్నారా అని ఎవరైనా అడిగితే ఒక క్షణం ఆలోచించుకుని, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఆ కారణంగానే ఆయన్ని బాగున్నారా అని అడిగేవాళ్ళు ఊళ్ళో తగ్గిపోయారు. ఆయన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మోటారు వచ్చిన చెక్కపెట్టె చూపించమన్నాడు. ఆ పెట్టె అప్పటికే విడిపోయి వంటింట్లో అల్మరా అయింది. వీరరాఘవమ్మ ఊరగాయ జాడీలు ఒక్కొక్కటే దింపుతుంటే, మేష్టారు వాటి వెనక చెక్క మీద నల్లరంగుతో వేసిన అక్షరాలు చదివాడు.

"ధ్రువాలు నాలుగండీ. అంటే రెండు జతలు. మన కరెంటు సెకనుకి యాభై మార్లు ఊగుతుంది. నిమిషానికి మూడు వేలు. ధ్రువాలు రెండు జతలు గనక అందులో సగం. నిమిషానికి పదిహేను వందల చుట్లు" అన్నాడు.

"ఖాయమేనా మేష్టారూ?"

"లెక్కకి మొహమాటం ఉండదండీ."

వడ్రంగి ఆ అంకె విని కొయ్య చెక్కడానికి వెళ్ళిపోయాడు. కథ ఇక్కడితో కంచికి పోవలసింది. కానీ మొదటి బండి వచ్చేనాటికి మోటారు ముఖం మాసి ఉంటే బాగుండదని వీరరాఘవమ్మకు తోచింది. గోకడమే అరిష్టం గానీ కడగడం కాదు కదా. ఆవిడ పనమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, చింతపండూ బూడిదా పెట్టి, పూజ చెంబులు తోమినట్టు ఆ రేకును తళతళలాడేట్టు తోమించింది. సాయంత్రం గోపాలకృష్ణయ్య మిల్లులోకి వస్తే చెక్కిన అంకెలు అల్లంత దూరం నుంచే కనిపించాయి. వెయ్యిన్నీ నాలుగు వందల నలభై.

మేష్టారిని మళ్ళీ పిలిపించారు. ఈసారి కాఫీ ఇవ్వలేదు.

"ఏంది మేష్టారూ ఇది? మీరేమో పదిహేను వందలన్నారు. రేకు మీద ఇట్టా ఉందేంది?"

ప్రభుదాసు కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. బొగ్గుముక్కతో గోడ మీద మళ్ళీ లెక్క వేశాడు. కింద నుంచి పైకి కూడా వేశాడు. ఎటు వేసినా పదిహేను వందలే వచ్చింది. పిల్లలకు పన్నెండేళ్ళుగా చెబుతున్న చదువు ఒక ఇత్తడి రేకు ముందు ఓడిపోతే ఆ మనిషి ఇక ఏ ముఖం పెట్టుకుని బడికి వెళ్ళాలి?

"లెక్కలో తప్పు లేదండీ" అన్నాడు చివరికి. "ఉండాల్సినవి పదిహేను వందలు. ఉన్నవి అరవై తక్కువ."

"నిమిషానికి అరవై తక్కువా?"

"నిమిషానికే."

"గంటకెంత?"

"మూడు వేల ఆరు వందలు."

రోజుకెంతో అడగడానికి గోపాలకృష్ణయ్యకు ధైర్యం చాల్లేదు. గుండె పట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు. ఇన్ని వేల చుట్లు తన మోటారులోంచి ఎవరో కాజేస్తున్నారు. ఆయన చూస్తూ ఊరుకునే మనిషి కాదు. గుమాస్తా రాఘవయ్యను అప్పటికప్పుడు తంతి ఆఫీసుకు తరిమాడు. మోటారు అమ్మిన మద్రాసు కంపెనీవారి గుంటూరు ఏజెంటుకు టెలిగ్రాం వెళ్ళింది. అరవై చుట్లు తక్కువ వచ్చాయి, వెంటనే రావలసింది.

ఇక్కడ ఆ మిల్లు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. రైతు తెచ్చిన ప్రతి బస్తాలోంచీ, కాటా వెయ్యకముందే, రాఘవయ్య ఒక గంపెడు కాయ తీసి పక్కన పోసేవాడు. దాన్ని తరుగు అనేవారు. మట్టి ఉంటుంది, తడి ఉంటుంది, ఎలకలు తింటాయి, అందుకని. గోపాలకృష్ణయ్య తాతల నాటి నుంచీ అది ఉంది. గంప చివికినప్పుడల్లా కొత్తది అల్లించేవారు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదానికంటే ఓ బెత్తెడు పెద్దదిగా వచ్చేది. ఎందుకలా వచ్చేదో మిల్లులో ఎవరికీ తెలియదు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. గోపాలకృష్ణయ్యకు ఆ గంపకూ ఈ అరవై చుట్లకూ మధ్య ఏ చుట్టరికమూ కనిపించలేదు.

మర్నాడు మోటారును చూసిపోదామని వచ్చిన రైతులు కొందరు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళలో రొంపిచర్ల ఆరోగ్యమ్మ ఉంది. మొగుడు పోయాక కౌలు చేలో తనే అరక పట్టిన మనిషి. మాట దాచుకోదు. మిల్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని పోదామని వచ్చింది. సరిగ్గా అప్పుడే గోపాలకృష్ణయ్య ఒళ్ళు మండిపోతూ బయటికొచ్చాడు.

"చూశార్రా ఈ ఘోరం! చెప్పిందొకటి, ఇచ్చిందొకటి! నా మోటారులోంచి నూటికి నాలుగు పాళ్ళు తరుగు తీశారు!" అని చేతులు పైకెత్తాడు. "అడిగేవాడు లేడనేగా? ఎదటోడి సొమ్ములో తరుగు తీసి తినటం దొంగతనం కాదూ?"

రైతులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆరోగ్యమ్మ మాత్రం ఒకడుగు ముందుకేసింది.

"తరుగు తియ్యటం దొంగతనమేనంటారా అయ్యా?"

"పట్టపగలు దోపిడీ!"

"ఎవరు తీసినా?"

"ఎవరు తీసినా! మద్రాసోడు తీసినా, మా తాత లేచొచ్చి తీసినా దోపిడీ దోపిడీయే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వెనకాల రాఘవయ్య గంపను మెల్లగా కాలితో తలుపు వెనక్కి తోశాడు. యజమానికి చెబుదామనుకున్నాడు గానీ, కోపంగా ఉన్నప్పుడు ఆయనకు నిజం చెప్పి బాగుపడిన గుమాస్తా అంతకుముందు లేడు.

ఆరోగ్యమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టే ఊరికి మోసుకెళ్ళింది. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి ముందు పదిమందికీ ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ తర్వాత మాత్రం ఆ మాట ఆవిడ చేతిలో లేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, నరసరావుపేట మిల్లులో తరుగు ఎత్తేశారన్న మాట పక్క ఊరికి పాకింది. కరెంటు మిల్లులో తరుగు తీస్తే మోటారు ఆగిపోతుందట అని ఆ పై ఊళ్ళో అనుకున్నారు. నూజెండ్ల చేరేసరికి, తరుగు తీసినవాడు ఎవడైనా సరే, సొంత తాతైనా సరే, పోలీసులకు పట్టిస్తానని గోపాలకృష్ణయ్య ప్రమాణం చేశాడు.

సోమవారం తెల్లవారేసరికి మిల్లు ముందు బళ్ళు బారులు తీరాయి. ఆ బారు రైలు గేటు దాటి అవతలికి పోయింది. అన్ని బళ్ళు ఆ మిల్లు ముందు ఎన్నడూ ఆగలేదు. సత్తెనపల్లి రోడ్డులో పుల్లారావు మిల్లు ముందు ఒక మేక తప్ప ఏదీ లేదని వార్త వచ్చింది. గోపాలకృష్ణయ్య తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద నిలబడి ఆ బళ్ళను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"చూశావుటే, కరెంటు మహిమ!" అన్నాడు భార్యతో.

"నేను రేకు తోమించబట్టే" అంది వీరరాఘవమ్మ.

మొదటి బండి ఆరోగ్యమ్మది. బస్తా దించారు, మూతి విప్పారు. రాఘవయ్య చెయ్యి అలవాటు కొద్దీ గంపను బస్తాలోకి దించింది, ఎత్తుగా పైకి తీసింది. ఆరోగ్యమ్మ ఆ గంప అంచును రెండు చేతులా పట్టుకుంది.

"ఇదేంది?"

"తరుగు" అన్నాడు రాఘవయ్య, తన పేరు చెప్పుకున్నంత మామూలుగా.

"తరుగు లేదన్నారు గదా!"

గోపాలకృష్ణయ్య అరుగు దిగి వచ్చాడు. "లేదని నేనెప్పుడన్నానే?"

"తమరే అన్నారు గదయ్యా, ఇదే గేటు కాడ. దోపిడీ అన్నారు. తాత లేచొచ్చి తీసినా దోపిడీయే అన్నారు. అందరం విన్నాం."

అవునవునని వెనక నుంచి చానామంది అన్నారు. విననివాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు.

"అది మోటారు సంగతే! ఇది కాయ! దానికీ దీనికీ పొంతనేందే?"

"పొంతన తమరికే తెలవాల. మాకు తెలిసింది తమరి మాట."

గంప ఇద్దరి మధ్యా గాల్లోనే ఉండిపోయింది. రాఘవయ్య వదలలేదు, ఆరోగ్యమ్మా వదలలేదు. బారు చివర ఒక బండివాడు లేచి నిలబడి, సంగతి విని, ఎద్దులను సత్తెనపల్లి రోడ్డు వైపు మళ్ళించాడు. అతని వెనక ఇంకొకడు మళ్ళించాడు. గోపాలకృష్ణయ్య వాళ్ళ వెనక రెండడుగులు వేసి ఆగాడు. ఇంజను గురజాలలో ఉంది, బళ్ళు పుల్లారావు వైపు పోతున్నాయి. తనకు మిగిలేదల్లా అరవై చుట్లు తక్కువైన మోటారు ఒక్కటే.

ఆ సమయానికి స్టేషను నుంచి జట్కా ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి టెలిగ్రాం చేత్తో పట్టుకుని, కోటు దులుపుకుంటూ ఒకాయన దిగాడు. గుంటూరు నుంచి వచ్చిన మోటారు కంపెనీ ఏజెంటు అబ్దుల్ జబ్బార్. దారంతా ఆ టెలిగ్రామే చదువుకుంటూ వచ్చాడు. మోటారులో బోల్టులు తక్కువయ్యాయన్నవాళ్ళను చూశాడు గానీ చుట్లు తక్కువయ్యాయన్నవాళ్ళను ఆయన ఎరగడు.

"సాయిబు గారూ, సమయానికొచ్చారు. నా అరవై చుట్లు ఎక్కడ?" అన్నాడు గోపాలకృష్ణయ్య.

బడికి పోతూ ఆగిన ప్రభుదాసు కూడా దగ్గరికొచ్చాడు. రేకు చూసిన నాటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు. అబ్దుల్ జబ్బార్ గోడ మీది బొగ్గు లెక్క చూశాడు, రేకు చూశాడు, చిన్నగా నవ్వాడు.

"మేష్టారి లెక్కా నిజమే, రేకూ నిజమేనండీ. మోటారు లోపల కంటికి కనపడని అయస్కాంత శక్తి ఒకటి గిర్రున తిరుగుద్ది. అది పదిహేను వందలు. మేష్టారు కట్టింది దాని లెక్క. దాన్ని అందుకుందామని ఇరుసు ఎనకాల పరిగెత్తుద్ది. రేకు మీదున్నది ఇరుసు లెక్క. అది ఎప్పటికీ అందుకోలేదు."

"ఎందుకందుకోదు? అరవై చుట్లేగా! ఇంకాస్త గట్టిగా పరిగెత్తమనండి!"

"అందుకుంటే పని ఆగిపోద్దండీ. రెండూ ఒకటే వేగమైతే లాగే బలమే ఉండదు. కాస్త ఎనకబడితేనే బలం. ఏ దేశంలో చేసిన మోటారైనా ఇంతే. ఇక మీ పుల్లీ అంటారా, కాయ పగలటానికి ఈ మాత్రం తేడా ఒక లెక్కా? ఇప్పుడే బెల్టు ఎక్కించుకోండి."

ప్రభుదాసు గట్టిగా ఊపిరి వదిలి, "వందనాలు దేవా" అని గోడకు ఆనుకున్నాడు. గోపాలకృష్ణయ్య మాత్రం పుల్లీ సంగతీ వినలేదు, బెల్టు సంగతీ వినలేదు. ఆయన చెవిలో పడింది ఒక్కటే.

"అంటే, ఆ తరుగు లేకపోతే మోటారు పని చెయ్యదంటారు?"

"చెయ్యదండీ."

"తరుగులోనే బలం ఉందంటారు?"

"అట్టాగే అనుకోండి."

గోపాలకృష్ణయ్య ఒక్క ఉదుటున బస్తా ఎక్కాడు. "విన్నార్రా! కంపెనీవారే చెప్పారు! తరుగు లేందే బలం లేదంట! కరెంటుకే తప్పని తరుగు కాయకు తప్పుద్దా? అది దొంగతనం కాదు, దోపిడీ కాదు. ప్రకృతి ధర్మం! ఆ రోజు తెలవక నోరు జారా. రాఘవయ్యా, తియ్యి!"

రైతులు తలలు దించుకున్నారు. చదువుకున్నవాళ్ళు ఇద్దరు, అందులో ఒకాయన కోటు వేసుకున్నవాడు, ప్రకృతి ధర్మం అంటే తామేం అనగలరు? రాఘవయ్య గంపను లాగాడు. అది రాలేదు. ఆరోగ్యమ్మ ఇంకా పట్టుకునే ఉంది.

"సాయిబు గారూ, ఈ మోటారు ఎంత తరుగు తింటదన్నారు?" అని అడిగింది.

అబ్దుల్ జబ్బార్ మేష్టారి వైపు చూశాడు. మేష్టారు అప్పటికే లెక్కలో పడ్డాడు. "పదిహేను వందలకి అరవై. అంటే నూటికి నాలుగు."

"మా బస్తా ఇరవై అయిదు వీశెలు. దానికెంత పడుద్ది మేష్టారూ?"

గోపాలకృష్ణయ్య కళ్ళతో చెయ్యగలిగిన సైగలన్నీ చేశాడు. దగ్గాడు కూడా. ప్రభుదాసు అవేవీ గమనించలేదు. లెక్క గెలిచిన ఆనందంలో ఉన్న మనిషికి సైగలు కనిపించవు.

"ఒక వీశె. ఎక్కువా కాదు, తక్కువా కాదు."

"ఈ గంప కాటా ఎయ్యండి."

దాన్ని కాటా వెయ్యడం ఆ మిల్లు పుట్టాక అదే మొదలు. రాఘవయ్య ఖాళీ గంపకు సరిపడా రాళ్ళు అవతల వేశాడు, తర్వాత కాయతో ఎత్తాడు. సరిగ్గా రెండు వీశెలు తూగింది. అంతమందిలో ఎవరూ చిన్న మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది గోపాలకృష్ణయ్యకు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఇన్నేళ్ళూ అది ఒక గంప అనుకున్నాడు గానీ, ఎంత గంప అని ఒక్కనాడూ అనుకోలేదు.

"ఇది అల్లినోడి తప్పు" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట ఆయనకే నచ్చలేదు.

"పోనీలెండయ్యా" అంది ఆరోగ్యమ్మ. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. "ప్రకృతి ధర్మమన్నారు. మేం కాదనటల్లా. మట్టి ఉంటది, తడి ఉంటది. అంత పని చేసే మోటారే నూటికి నాలుగుతో సరిపెట్టుకుంటంది. తమరూ అంతే తీసుకోండి. అరుగు మీద కూర్చునేవాళ్ళకి మోటారు కంటే ఎక్కువెందుకయ్యా?"

మళ్ళిన బళ్ళు రెండూ రైలు గేటు దగ్గర ఆగి ఇటే చూస్తున్నాయి. గోపాలకృష్ణయ్య వాటిని చూశాడు, బారును చూశాడు, చివరికి మోటారును చూశాడు. తనకు అన్యాయం జరిగిందని ఊరంతా చాటింది తనే. ఏజెంటును పిలిపించిందీ తనే. లెక్క కట్టించిందీ తనే.

"సరే. ఒక వీశె" అన్నాడు.

వడ్రంగి చేసి తెచ్చిన పుల్లీకి బెల్టు ఎక్కించి మోటారు వేశారు. బెల్టు కదిలింది, మర తిరిగింది, పప్పు ఒక పక్కా పొట్టు ఒక పక్కా చక్కగా పడ్డాయి. ఊళ్ళో మొట్టమొదటి కరెంటు మిల్లు తిరుగుతుంటే దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్ళూ కాటా మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం అబ్దుల్ జబ్బార్ జట్కా ఎక్కబోతుంటే గోపాలకృష్ణయ్య ఆయన్ని పక్కకు పిలిచాడు.

"సాయిబు గారూ, ఈ ఎనకబడటం ఎప్పుడూ ఇంతేనా? పెరగటం, తగ్గటం ఉంటదా?"

"ఉంటదండీ. ఖాళీగా తిరిగితే దాదాపు ఉండదు. బరువు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎనకబడుద్ది."

ఆ ఏడంతా బళ్ళు గోపాలకృష్ణయ్య మిల్లుకే వచ్చాయి. ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి వచ్చి మోటారుకు భక్తిగా దణ్ణం పెట్టేవాడు. మిల్లు ఉన్నవాళ్ళంతా తమ యంత్రం వేగంగా తిరగాలని మొక్కుకుంటే, ఆయన మాత్రం తన మోటారు ఇంకొంచెం వెనకబడాలని మొక్కుకునేవాడు.